చక్కెర పొట్లం గారికి ఒక తండ్రి విన్నపం

మహారాజశ్రీ చక్కెర పొట్లం గారికి,

లైప్‌జిగ్ నగరం నుంచి ఒక తెలుగు తండ్రి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరమూ క్షేమం. తమరు మా పడకగది అల్మారా మీద ఖాళీ కడుపుతో క్షేమంగానే ఉన్నారని రోజూ చూస్తున్నాను కనుక ఆ సంగతి అడగను.

తమరిని పొట్లం అన్నందుకు ముందుగా మన్నించాలి. పిల్లలు బడిలో చేరే రోజున ఇచ్చే మిఠాయి పొట్లమైన తమకు జర్మనీలో షూల్‌ట్యూటె అని పేరని, లైప్‌జిగ్ ఉన్న మా సాక్సనీ రాష్ట్రం వారు జుకర్‌ట్యూటె అంటారని నాకు తెలియకపోలేదు. అయితే బస్టాండులో వేరుశెనగలు కొనుక్కుని పెరిగిన నా కంటికి, పాత దినపత్రికను చుట్టి మొన మెలిపెట్టిన ఆ పొట్లమూ తమరూ ఒక తల్లి బిడ్డలే. తేడా అల్లా, మా పొట్లానికి దినపత్రిక బయట ఉంటుంది, తమకు లోపల ఉంటుంది. 118 సెంటీమీటర్ల మా అమ్మాయి చేతికి 85 సెంటీమీటర్ల తమరిని అందించాలన్నది ఇక్కడి ఆచారం. నిలువెల్లా మిఠాయితో నింపితే మోయడానికి ఆమె బలం చాలదు, కొనడానికి నా జీతం చాలదు. అందుకే అడుగున నలిపిన కాగితాలు కుక్కి, పైన చాక్లెట్లూ పెన్సిళ్లూ ఒక అలారం గడియారమూ పేర్చి, మూతికి పలచని నెట్టు గుడ్డ చుట్టి రిబ్బను కట్టాము. యుద్ధకాలపు కరువులో ఆ అడుగున బంగాళాదుంపలు పెట్టేవారట. అవైనా వండుకోవడానికి పనికివచ్చి ఉంటాయి.

తమ వంశం గొప్పదే, కాదనను. 19వ శతాబ్ది తొలినాళ్లలో సాక్సనీ, థూరింగియా ప్రాంతాలలో అవతరించి, 1817 నాటికే యేనా పట్టణపు పిల్లల చేతులకు ఎక్కారు. 1910లో ఎర్ట్స్‌గెబిర్గె కొండల్లోని వీజా గ్రామంలో కార్ల్ ఆగస్ట్ నెస్ట్లర్ తమరిని కార్ఖానాలో తయారు చేయించడం మొదలుపెట్టారు. తూర్పు జర్మనీలో ఆరు పలకలతో 85 సెంటీమీటర్లుగా, పడమటి జర్మనీలో గుండ్రంగా 70 సెంటీమీటర్లుగా రెండు రూపాలు దాల్చారు. 1989లో బెర్లిన్ గోడ కూలింది గాని తమ పలకలు మాత్రం ఇంకా అరగలేదు.

తమ గురించి పిల్లలకు చెప్పే కథ ఒకటుంది. పంతులుగారి ఇంట్లో ఒక చెట్టు ఉంటుందట, దానికి చక్కెర పొట్లాలు కాస్తాయట, అవి తగినంత పెద్దవైతే ఇక బడికి వెళ్లే వేళ అయినట్టేనట. బొమ్మ అడిగిన ప్రతిసారీ "డబ్బులేమైనా చెట్టుకు కాస్తున్నాయా?" అని కసురుకునే ఇంటినుంచి వచ్చిన నేను, నా బిడ్డకు నా నోటితోనే ఈ కథ చెప్పవలసి వచ్చింది. ఆ చెట్టుకు నీరు పోసినది నా బ్యాంకు ఖాతా అని మాత్రం చెప్పలేదు.

ఇక అసలు ఫిర్యాదు. తమరు లంచం. మా వైపు లంచానికి ఒక నీతి ఉంది: పని చేయనని చెప్పగల అధికారం ఉన్నవాడికే ఇస్తారు. ఈ దేశంలో బడికి పంపడం చట్టం. ఇంట్లో చదివించుకుంటామన్నా ఒప్పుకోరు. కాదనే హక్కు లేని ఆరేళ్ల పిల్లకు ఇంత ఆర్భాటంగా లంచమిచ్చి, ఆ వెంటనే "నేటితో ఆటలు అయిపోయాయి, జీవితం అసలు ఇప్పుడే మొదలవుతుంది" అని పెద్దలందరూ వరసగా నవ్వుతూ చెప్పడం నేను మరెక్కడా చూడలేదు. పైగా తమరు శనివారంనాటి వేడుకకు వచ్చి, ఫొటోలు దిగి, సోమవారం పాఠాలు మొదలయ్యేసరికి అల్మారా ఎక్కారు. నాలుగో తరగతిలో అదే బడి ఈ పిల్లను గిమ్నాజియంకు, అంటే విశ్వవిద్యాలయ చదువుకు దారితీసే ఉన్నత పాఠశాలకు, పంపవచ్చా, వద్దా అని సిఫారసు పత్రం ఇస్తుంది. ఆ కాగితానికి రిబ్బను కడతారో లేదో తమరే చెప్పాలి.

మా అమ్మాయికి నాలుగో ఏట సెలవులలో బాసరలో అక్షరాభ్యాసం చేయించాము. పళ్లెంలో బియ్యం, బియ్యంలో వేలు, ఆ వేలిని పట్టుకున్న తాతయ్య చేయి, ఆమె ఏడుపు. తర్వాత మా ఊళ్లో పిల్లలకు పలకా బలపాలు మేమే పంచాము. అక్కడ చదువు మొదలుపెట్టిన పిల్ల ఇచ్చింది, ఇక్కడ పుచ్చుకున్నది. ఏది మేలని అడిగితే ఆమె క్షణం ఆలోచించకుండా తమ పేరే చెప్పింది. ఆ విషయంలో నాకు కొంచెం ఈర్ష్య ఉన్నదని ఒప్పుకుంటున్నాను.

విన్నపం చిన్నదే. అక్కతో పాటు ఒక బుల్లి పొట్లం పుచ్చుకున్న మా చిన్నవాడు, తన పెద్ద పొట్లం ఎంతవరకు కాసిందో చూసి రమ్మని నన్ను రోజూ పంతులమ్మ ఇంటికి పంపబోతున్నాడు. వాడి వంతు వచ్చినప్పుడు తమరు పడమటి చుట్టాలలాగా 15 సెంటీమీటర్లు తగ్గి రాగలరు. వేడుక ముగిశాక ట్రాము దాకా మోసేది పిల్లలు కారు.

ఇట్లు,
తమ బరువు మోసిన తండ్రి

తా.క.: తమ అడుగున కుక్కిన కాగితాలలో మా కరెంటు బిల్లు కూడా ఉన్నట్టు అనుమానం. దయచేసి తిరిగి ఇప్పించగలరు.