ఫ్లెక్సిబుల్ సెట్టు అందరి నోటికీ పనికిరాదు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగువాళ్ల ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది: "కొన్ని పళ్లే పోయాయా? ఫ్లెక్సిబుల్ సెట్టు వేయించుకోండి. విరగదు. తీగలుండవు. పక్క పళ్లు అరగదీయక్కర్లేదు. రాత్రి తియ్యక్కర్లేదు. జీవితాంతం వస్తుంది. హాయిగా ఉంటుందని పరిశోధనలు తేల్చాయి. మెటల్ ప్లేటు పాతకాలపుది." దీన్ని నమ్మి డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

విరగదన్నది చాలావరకు నిజమే. అది పాలిమైడ్, అంటే నైలాన్ జాతి. గచ్చు మీద పడ్డా సాధారణంగా ఏమీ కాదు. కానీ దానిమీది పళ్లు మామూలుగా అక్రిలిక్ అనే గట్టి ప్లాస్టిక్‌వి. ఈ రెండూ రసాయనికంగా అతకవు. ల్యాబులో ఒక్కో పన్ను అడుగున చిన్న రంధ్రాలు తొలుస్తారు, కరిగిన నైలాన్ అందులోకి దూరి గట్టిపడుతుంది. పట్టంతా అదే. ఎదుటి పన్నుతో ఎడం తక్కువుంటే రంధ్రానికి చోటు చాలదు, పన్ను ఊడొస్తుంది. అక్రిలిక్ సెట్టయితే తిరిగి అతికించడం, ఇంకో పన్ను చేర్చడం తేలిక. దీనికి చాలాసార్లు కొత్తది చేయించాల్సిందే.

తీగలుండవు, పళ్లు అరగదీయక్కర్లేదు అన్నదగ్గరే అసలు నష్టం దాగుంది. మెటల్ ప్లేటుకు, అంటే కోబాల్ట్ క్రోమియం లోహంతో చేసేదానికి, పక్క పంటి ఎనామెల్లో 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల లోతున చిన్న గుంట తీస్తారు. ప్లేటు చేయి అందులో కూర్చుంటుంది. నమిలినప్పుడు బరువు పంటి మీదుగా ఎముకకు చేరుతుంది. మామూలు ఫ్లెక్సిబుల్ సెట్టుకు ఆ ఆసరా ఉండదు, బరువంతా చిగురు మీదే. కింది దవడలో రెండు వైపులా వెనక పళ్లు లేనివాళ్లకు ఇదే ఎక్కువ హాని. చిగురు నలుగుతుంది, కింద ఎముక అరుగుతుంది, సెట్టు దిగుతుంది, పక్క పళ్ల చిగురంచు ఒరుసుకుని కిందికి జారుతుంది. సెట్టు పెట్టుకుని చివరి పన్ను మీద వేలితో నొక్కండి. కొత్తలో కంటే ఎక్కువ దిగబడుతుంటే అడుగున ఖాళీ పడ్డట్టే. మెటల్ ప్లేటుకు అక్రిలిక్ భాగం కింద లైనింగ్ వేసి సర్దొచ్చు. నైలాన్‌కు ఆ లైనింగ్ సరిగా పట్టదు.

ఎముక అరుగుతూనే ఉంటుంది గనక "జీవితాంతం" అన్న మాట ఏ సెట్టుకూ వర్తించదు.

పాతకాలపుదంటున్న మెటల్ ప్లేటు మందం అర మిల్లీమీటరు. అక్రిలిక్‌ది సుమారు 2. సన్నగా ఉండటంతో నాలుకకు చోటు మిగులుతుంది, లోహం కావడంతో చోడి అంబలి వేడి అంగిలికి తెలుస్తుంది. లోపాలున్నాయి. ముందు పంటిని పట్టుకునే లోహపు కొక్కెం నవ్వితే కనబడుతుంది, ఖరీదెక్కువ, తర్వాత మార్చడం కష్టం.

ఫ్లెక్సిబుల్‌కు తగిన చోట్లూ ఉన్నాయి. గుట్కా వల్ల నోరు సరిగా తెరుచుకోనివాళ్లు, అక్రిలిక్ లేదా లోహం పడనివాళ్లు, ముందు ఒకటి రెండు పళ్లకు తాత్కాలికంగా కావాలనుకునేవాళ్లు వేయించుకోవచ్చు.

ఇక పరిశోధనల మాట. నోటి వల్ల మనిషికి ఎంత ఇబ్బందో కొలవడానికి ఎక్కువగా వాడే ఓహిప్-14 ప్రశ్నావళిలో 14 ప్రశ్నలుంటాయి. ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 56. అంకె పెరిగేకొద్దీ ఇబ్బంది ఎక్కువని అర్థం. నొప్పి, మాట, తిండి, నలుగురిలో బెరుకు అడుగుతారు. ఖాళీ పూడిన కొత్తలో ఏ సెట్టుకైనా అంకె తగ్గడం సహజం. ఎముక ఎంత అరిగిందో ఆ ప్రశ్నలు చెప్పవు, దానికి ఎక్స్‌రే కావాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది రాత్రి తియ్యక్కర్లేదన్న మాట. ఏ రకమైనా తియ్యాలి. రాత్రంతా కప్పి ఉంచితే కాండిడా ఫంగస్ పెరిగి చిగురు ఎర్రబారుతుంది. నైలాన్‌ను ఒకసారి అరగదీస్తే మళ్లీ నున్నగా చేయడం కష్టం, ఆ గరుకులో ఫంగస్ నిలుస్తుంది. మెత్తని బ్రష్, సబ్బునీళ్లతో కడగండి. టూత్‌పేస్టు వద్దు, గీతలు పడతాయి. మరిగే నీళ్లు వద్దు, మెటల్‌కు బ్లీచింగ్ వద్దు. తర్వాత చల్లనీళ్లలో ఉంచండి. అడ్డపొగ తాగే అలవాటున్న పెద్దావిడ ఇంట్లో ఉంటే, సెట్టు తీసినప్పుడల్లా అంగిలిని వెలుతురులో చూడండి. మంట లోపలికి పెట్టి తాగడం అంగిలి కేన్సర్‌కు దారితీస్తుంది, తొలి మచ్చ ప్లేటు చాటున కనబడదు. తెల్లమచ్చో ఎర్రమచ్చో పుండో రెండు వారాల్లో మానకపోతే డాక్టరుకు చూపించండి.