సవరణ: కుక్క కాటు, "మొదటిసారి మాఫీ" అన్న మాట

కుక్క కాటు పరిహారం గురించిన ముందు పోస్టులో "కుక్క అంతకుముందు ఎవరినీ కరవకపోతే యజమానికి బాధ్యత ఉండదు" అన్న వాక్యం ఉంది. దాన్ని ఇలా మార్చి చదవండి: మొదటి కాటుకు యజమానికి బాధ్యత ఉంటుందా లేదా అన్నది అక్కడి చట్టాన్ని బట్టి ఉంటుంది.

అమెరికాలోనే రాష్ట్రానికో తీరు. టెక్సాస్‌లో కుక్క ప్రమాదకరమని యజమానికి ముందే తెలుసా అన్నది ముఖ్యం. అది గతంలో కరిచే ఉండాలని లేదు, మనుషుల మీదికి ఎగబడే అలవాటు తెలిసినా చాలు. తెలియకపోయినా, నిర్లక్ష్యం రుజువైతే బాధ్యత తప్పదు. కాలిఫోర్నియాలో సివిల్ కోడ్ 3342వ సెక్షన్ కింద మొదటి కాటుకే చెల్లించాలి. కరిచినప్పుడు బాధితులు బహిరంగ స్థలంలోనో, చట్టబద్ధంగా వెళ్లిన ప్రైవేటు స్థలంలోనో ఉండాలి, అంతే. "మా కుక్క చాలా మంచిదండీ" అంటే అక్కడ కుదరదు (ఈ మాట అనని యజమాని ఉంటాడా!).

జర్మనీ సివిల్ కోడ్ 833వ సెక్షన్‌లో ఇంకో మెలిక. సరదాగా పెంచుకునే కుక్కకైతే యజమాని తప్పు లేకపోయినా బాధ్యతే. వృత్తి కోసం పెంచే కుక్కయితే తగిన జాగ్రత్త తీసుకున్నట్టు నిరూపించి బయటపడొచ్చు.

వైద్య ఖర్చులు, పోయిన జీతం, మచ్చలు, మానసిక వేదనకు వచ్చే పరిహారం గురించి ముందు పోస్టులో రాసిన భాగంలో మార్పేమీ లేదు. ఒక్కటి కలుపుకోండి: కుక్కను రెచ్చగొట్టారని తేలితే పరిహారం తగ్గొచ్చు, ఒక్కోసారి అసలు రాకపోవచ్చు.