మానెకెన్ పిస్ బాబుకు బహిరంగ లేఖ

బెల్జియం రాజధాని బ్రసెల్స్ నగరంలో ఒక సందు మొగన నిలబడి, నాలుగు శతాబ్దాలుగా లఘుశంక తీర్చుకుంటున్న మానెకెన్ పిస్ బాబుకు దీవించి రాయునది.

1619లో పురమాయించి చేయించిన కంచు విగ్రహానివి కాబట్టి వయసు ప్రకారం నువ్వే నన్ను దీవించాలి. కానీ ఆ భంగిమలో ఉన్నవాణ్ని ‘మహారాజశ్రీ’ అని సంబోధించడానికి కలం కదలడం లేదు, ఏమనుకోకు.

మా గోడల మీద ‘ఇచ్చట మూత్రం పోయరాదు’ అని రాస్తారు. మీ ఊళ్లో ఆ పని చేసేవాడికి కంచె కట్టి, ఫోటోలు దిగి, చాక్లెట్‌తో నీ బొమ్మ చేసి అమ్ముకుంటున్నారు. రెండడుగులైనా లేని నీకు వెయ్యికి పైగా దుస్తులు, వాటికి ప్రత్యేకంగా ఒక మ్యూజియం! ఎంత ఖరీదైన బట్ట కుట్టినా ధారకు దారి మాత్రం వదులుతారట. 1747లో ఫ్రెంచి సైనికులు నిన్ను ఎత్తుకుపోతే, వాళ్ల రాజు పదిహేనో లూయీ జరీ దుస్తులు పంపి ఊరిని చల్లబరిచాడు. అంతకు అర్ధ శతాబ్దం ముందు, 1695లో, అదే ఫ్రాన్సు ఫిరంగులు ఊరి నడిబొడ్డు కూడలి గ్రాండ్ ప్లాస్‌ను బూడిద చేశాయి. వృత్తి సంఘాలవాళ్లు కొన్నేళ్లలోనే దాన్ని పూర్వంకన్నా ఘనంగా కట్టుకున్నారు. ఆ పట్టుదలకు మాత్రం నిజంగా నమస్కారం.

నా అనుమానం ఒకటే. మరుగున ఉండాల్సిన పనిని నడివీధిలో పెట్టిన ఊరు, మిగిలినవన్నీ ఎందుకు కప్పేసింది?

సెన్ నదినే తీసుకో. దాని చిత్తడి నేలల్లోనే బ్రసెల్స్ పుట్టింది. ఊరి మురికంతా మోసి మోసి నది కుళ్లింది. 1866లో కలరా వేలమందిని పొట్టన పెట్టుకుంది. మరుసటి ఏడు మొదలుపెట్టి, 1871 నాటికి ఊరి నడిమధ్య నదిని కమానుల కింద పూడ్చి, పైన విశాలమైన రాజవీధులు వేశారు. ఒడ్డున కాపురమున్న పేదలను లేపేశారు. కన్నతల్లి లాంటి నది నేల కింద, నువ్వు అరుగు మీద!

ఇక మీ రాజు రెండో లియోపోల్డు. కాలు పెట్టని కాంగోను 1885 నుంచి 1908 వరకు సొంత జాగీరుగా ఏలాడు. రబ్బరు తేలేదని చేతులు నరికించిన పాలన అది. 1897లో ఊరి పొలిమేరన తెర్వూరెన్‌లో కాంగో మనుషులను తెచ్చి ప్రదర్శనకు పెడితే ఏడుగురు అక్కడే చనిపోయారు. ఊళ్లో ఆయన కట్టించిన కమానులూ వనాలూ మాత్రం కళకళలాడుతున్నాయి. రాజవంశం నోట ‘విచారం’ అన్న మాట వెలువడడానికి 2020 దాకా పట్టింది.

కప్పడంలో కొత్త తరమూ తీసిపోలేదు. యూరోపియన్ యూనియన్ పాలనా వ్యవహారాలు చూసే యూరోపియన్ కమిషన్ కొలువుండే బెర్లేమాంట్ భవనంలో ప్రాణాంతకమైన ఆస్‌బెస్టాస్ నార బయటపడితే, 1991లో ఖాళీ చేసి ఏళ్ల తరబడి తెల్ల ముసుగు తొడిగారు. బ్రహ్మాండమైన న్యాయస్థాన భవనానికి 1980లలో కట్టిన పరంజా దశాబ్దాలు నిలిచి, చివరికి దానికే మరమ్మతులు అవసరమయ్యాయి. న్యాయం ఆలస్యమవుతుందని విన్నాను గానీ, దాని పరంజాకూ ముసలితనం వస్తుందని నాకు తెలియదు.

సంపాదన సంగతి అడగనా? నాటో మీ దగ్గరే, యూరప్ రాజకీయమంతా మీ దగ్గరే, తలసరి ఉత్పత్తి చూస్తే కళ్లు తిరుగుతాయి. కానీ ఉద్యోగాల్లో దాదాపు సగం పొద్దున రైలెక్కి వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవాళ్లవి. వాళ్ల ఇల్లూ ఖర్చూ పక్క ప్రాంతాల్లో. కాలువ పక్క పేటల కుర్రాళ్లకు మిగిలింది నిరుద్యోగం. ఫిర్యాదు చేద్దామంటే రెండు అధికార భాషలు, 19 పురపాలికలు, అంతమంది మేయర్లు!

పైగా వీధిలో ఉన్నది నువ్వు కావు, నీ నకలు. అసలువాడు 1960ల నుంచి మ్యూజియంలో భద్రంగా ఉన్నాడు. ఆ నకలు సైతం పోసిన నీళ్లే తిప్పి పోస్తోందని అందరూ నమ్ముతుంటే, రోజూ వెయ్యి లీటర్లకు పైగా మంచినీళ్లు మురుగులోకి పోతున్నాయని ఎవరో కొలిచి కనిపెట్టారు. 2019లో గొట్టాలు సరిచేశారు. ఇప్పుడు పోసిందే మళ్లీ పోస్తున్నావట. అన్ని కమిటీలు కూర్చునే ఊళ్లో ఆ పద్ధతి నీకెవరూ నేర్పనక్కర్లేదు.

ఇట్లు,
నీ ఫోటో తీసుకోని ఒక తెలుగువాడు