"ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా" అనే ధీమా

"బాగా నడుస్తున్న ఫోనును అప్‌డేట్ చేసి చెడగొట్టుకోవద్దు. కొత్తవి అమ్ముకోవడానికే కంపెనీలు పాత ఫోన్లను నెమ్మది చేస్తాయి. తెలియని లింకులు నొక్కకపోతే చాలు" అన్న సందేశం వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. ఇందులో ఒక ముక్క నిజం ఉంది కాబట్టే మిగతాది నమ్మబుద్ధి వేస్తోంది.

బ్యాటరీ పాతబడిన ఐఫోన్ల వేగాన్ని సాఫ్ట్‌వేర్ ద్వారా తగ్గించినట్లు ఆపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకుంది. ఆ సంగతి కొన్నవారికి చెప్పనందుకు ఫ్రాన్స్ 2020లో 2.5 కోట్ల యూరోల జరిమానా వేసింది. అయితే వెర్షన్ మార్చే పెద్ద అప్‌డేట్ వేరు, కోడ్‌లోని కంతలను పూడ్చే సెక్యూరిటీ ప్యాచ్ వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టడం తప్పు.

లింకుల మాటకు 2015లోనే జవాబు దొరికింది. ఆండ్రాయిడ్‌లో వీడియోలను చదివే స్టేజ్‌ఫ్రైట్ అనే భాగంలో లోపం ఉండటంతో, ప్రత్యేకంగా తయారుచేసిన వీడియోను ఎంఎంఎస్‌గా (ఫొటోలు, వీడియోలు మోసే మెసేజ్) పంపితే, ఫోను దాన్ని తనంతట తానే దించుకొని విప్పే క్రమంలోనే దుండగుడి కోడ్ నడిచే వీలుండేది. యజమాని నిద్రలో ఉన్నా సరే. గూగుల్ నెలనెలా ప్యాచ్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది ఆ ఏడాది ఆగస్టులోనే. 2019లోనైతే, ఎత్తని వాట్సాప్ కాల్ ద్వారా కూడా నిఘా సాఫ్ట్‌వేర్‌ను ఫోనులోకి ఎక్కించగలిగారు (ఈ సందేశం తిరుగుతున్నదీ అందులోనే). పీఎం కిసాన్ పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్లను, అంటే ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైళ్లను, ముట్టుకోకూడదన్నది నిజమే కానీ, వీధి తలుపుకు గడియ పెట్టినంత మాత్రాన కూలిన పెరటి గోడ లేచి నిలబడదు.

ఇక "ఇన్నాళ్లూ ఏమీ కాలేదు" అన్న ధీమా అన్నిటికన్నా ప్రమాదకరం. ప్యాచ్ బయటికి రాగానే పాత కోడ్‌నూ కొత్త కోడ్‌నూ పక్కపక్కన పెట్టి చూసి, కంత ఎక్కడుందో దాడి చేసేవారు పసిగడతారు. అంటే అప్‌డేట్ కాని ఫోనుకు ముప్పు ఆ రోజు నుంచే పెరుగుతుంది. ఆ ప్యాచ్ చిప్ తయారీదారు, ఫోను కంపెనీ చేతులు దాటి మన దాకా రావడానికి ఒక్కోసారి నెలలు పడుతుంది. నిందించాల్సింది ఈ జాప్యాన్ని, అప్‌డేట్‌ను కాదు.

మొన్న మా మేనమామ ఫోనులో సెట్టింగ్స్ తెరిచి చూశాను. ఆండ్రాయిడ్ 12 అని ఉంది, దాని కింద సెక్యూరిటీ ప్యాచ్ తేదీ 2022 ఆగస్టు. ఆయన పింఛను పడే ఖాతాకు యూపీఐ ఉన్నదీ ఆ ఫోనులోనే. అప్‌డేట్ కోసం వెతికితే "మీ సిస్టమ్ తాజాగా ఉంది" అని వచ్చింది. కంపెనీ పంపడం మానేసిన ఫోనుకు వచ్చే జవాబు కూడా అదే.