ఇసుక బస్తా గారికి ఒక ఏటి ఒడ్డు రైతు ఉత్తరం

ఇసుక బస్తా గారికి,

నమస్కారమండి. ఆగస్టు దగ్గర పడింది, అందుకే మీరు గుర్తొచ్చారు. ధవళేశ్వరం దగ్గర గోదావరి 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక పడిందంటే మీకు కబురు వెళ్తుంది. 13 లక్షలకు రెండోది పడితే మీరు లారీ ఎక్కుతారు. 17 లక్షలకు మూడోది పడితే పెద్దమనుషులు మిమ్మల్ని భుజాన వేసుకొని ఫొటో దిగుతారు. 2022 జులైలో వరద 25 లక్షలు దాటినప్పుడు మా కోనసీమ ఏటిగట్ల మీద పెళ్లికొడుకు మీరే. నీళ్లు తీశాక మిమ్మల్ని పలకరించిన నాథుడు లేడు.

ఒక్క పనిలో మాత్రం మీకు సాటి లేరండి, ఆయ్! గట్టుకు ఇవతల, ఊరి వైపు, పందికొక్కు బొరియలోంచో అడుగున ఉన్న ఇసుక పొరలోంచో నీళ్లు బుడబుడమని ఉబుకుతాయి. దాన్ని నొక్కి మూసేద్దామని చూస్తే పక్కన ఇంకోచోట తన్నుకొస్తుంది. తెలిసినవాళ్లు మూయరు. మిమ్మల్ని దాని చుట్టూ బావి ఒరలా పేరుస్తారు. ఒరలో నీళ్లు ఎత్తు పెరిగేకొద్దీ ఊట జోరు తగ్గుతుంది. బురదగా వచ్చే నీళ్లు తేటపడ్డాయంటే హమ్మయ్య, గట్టు లోపలి మన్ను కొట్టుకురావడం ఆగినట్టే. 1986 ఆగస్టు వరదలో మా నాన్న రాత్రంతా లాంతరు పెట్టుకొని ఆ పనే చేశాడు. అప్పట్లో మీరు గోనెసంచి.

మీతో గొడవల్లా ఒడ్డు కోత దగ్గరే. మా తోట ఏటిగట్టుకు అవతల, గోదావరి వశిష్ట పాయ వంపు తిరిగే చోట ఉంది. వంపులో బయటి ఒడ్డుకు ఉరవడి ఎక్కువ. ఏరు పైన ఏమీ చేయదు, చాప కింద నీరులా అడుగున పాదం తవ్వుకుంటూ పోతుంది. పైనున్న కొబ్బరి చెట్టుకు ఆ సంగతి తెలియక గెలలు వేస్తూనే ఉంటుంది.

ఇంకో తమాషా ఉంది. వరద నిండుగా ఉన్నప్పుడు చాలాసార్లు ఒడ్డు నిలబడే ఉంటుంది, నీళ్లే దానికి ఆసరా. వరద తీశాక చూడాలి. తడిసి బరువెక్కిన మన్నుకు ముందు దన్ను పోయి, బీటలిచ్చి కూలుతుంది. అంటే మీరూ, కెమెరాలూ, పరామర్శలూ వెళ్లిపోయిన వారానికి. రాత్రి పడుకుంటే ఏటివైపు నుంచి ధబ్బుమని వినిపిస్తుంది. మంచం మీద నుంచే లెక్కపెడతాం.

పోయినేడు నాలుగు చెట్లు. మొదట బీట వెంట్రుకంత. మర్నాడు పొద్దున అరచెయ్యి దూరింది. మధ్యాహ్నానికి చెట్టు తల ఏటివైపు వాల్చింది. అర్జీ పెట్టుకుంటే మిమ్మల్ని పంపారు, రెండొందల మందిని. తీసుకొచ్చి ఎక్కడ పేర్చారు? ఒడ్డు పైన, సరిగ్గా బీట పక్కన! కూలబోయే గోడ మీద పది బస్తాల బియ్యం పెట్టినట్టు. నాలుగో రోజు చెట్టుతో పాటు మీరూ వెళ్లిపోయారు. బిల్లు మాత్రం మునగలేదు.

అడగకూడదు గానీ, మీ కడుపులో ఇసుక ఎక్కడిదండీ? మా ఎదురుగా ఉన్న ఏట్లోదే కదా! ఏడాది పొడుగునా ట్రాక్టర్లతో తోడి ఒడ్డు కాళ్ల కింద గొయ్యి చేస్తారు. వరదొచ్చేసరికి అదే ఇసుకను యూరియా సంచిలో పోసి ఒడ్డు నెత్తిన పెడతారు. కాలు విరగ్గొట్టి తలకు కట్టు కట్టడమంటే ఇదే.

మీ పెద్దన్న రాయి గారి సంగతీ చెప్పుకోవాలి. 2024 సెప్టెంబరులో విజయవాడ దగ్గర బుడమేరు వాగుకు గండ్లు పడితే సైన్యమే వచ్చి ఇనప వల బుట్టల్లో రాళ్లు నింపి దించింది. ఆయన ఘనుడే, కానీ ఆయన్నీ పాదం నుంచి మొదలుపెట్టాలి. ఏటి అడుగున కొంత దూరం రాయి పరిస్తే, కోత లోతయ్యేకొద్దీ ఆ రాళ్లు జారి వాలును కప్పుతాయి. రాతి కింద సన్న కంకర పొర లేకపోతే సందుల్లోంచి మన్ను జారిపోతుంది. పైకి రాయి నిక్షేపంగా కనిపిస్తుంది, లోపల డొల్ల. ఇక ఒడ్డు నుంచి ఏట్లోకి అడ్డంగా రాతికట్ట, అదే గ్రోయిన్, కడితే ఉరవడి ఎదుటి లంక మీద పడొచ్చు. మాకు శంకుస్థాపన, వాళ్లకు కోత.

అంతకుముందు వరదకు వచ్చిన మీవాళ్లలో ఒకాయన మాత్రం ఒడ్డు దిగువన చిక్కుకొని ఉండిపోయాడు. రెండు వేసవులకు సంచి పొడిపొడిగా రాలిపోయింది. ఇసుక మాత్రం కుప్పగా అలాగే ఉంది. దగ్గరికెళ్లి చూస్తే దాని నిండా రెల్లు మొలిచింది. వేళ్లు లోపలికి పాకి, చేత్తో పీకినా రాలేదు. ఎస్టిమేట్ లేదు, టెండర్ లేదు. ఆ మూరెడు మేర ఒడ్డు జారలేదు కూడా.

మొన్న వరద ముందు జాగ్రత్తని చెప్పి పొక్లెయిన్ తెచ్చారు. ముళ్లపొదలతో పాటు ఆ రెల్లు దుబ్బులు కూడా పెకిలించి చోటు చదును చేశారు. ఎందుకండీ అనడిగితే, "బస్తాలు దింపుకోవడానికి" అన్నారు.

ఇట్లు,
పాసుపుస్తకంలో ఎకరం, ఒడ్డున డెబ్బై సెంట్లు ఉన్న రైతు