డ్రమ్ము మీద లేని పేరు

వరంగల్ కొత్తవాడలో షత్రంజీల నూలుకు రంగు అద్దే షెడ్డులోకి వెళ్తే రంగు కన్నా ముందు నురగ కనిపిస్తుంది. పచ్చి నూలుకు పుట్టుకతోనే మైనం, జిడ్డు ఉంటాయి. అవి వదిలితే గానీ దారం తడవదు, తడిస్తే గానీ రంగు పట్టదు. అందుకే తొట్టిలో ఓ మగ్గు వెట్టింగ్ ఏజెంట్ పోస్తారు. మూలనున్న నీలం డ్రమ్ము మీద వ్యాపార నామం ఉంటుంది, ఓ నంబరు ఉంటుంది. లోపల ఉన్నదేమిటో మాత్రం ఉండదు. రంగులు వేసేవాళ్లను అడిగితే ‘సబ్బే కద సార్’ అంటారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. అమ్మినవాడు చెప్పిందీ అంతే.

ఇలాంటి సబ్బుల్లో ఒకదాని పేరు నోనైల్‌ఫినాల్ ఇథాక్సిలేట్. నోరు తిరగదు గనుక బట్టల పరిశ్రమలో ఎన్‌పీఈ అంటారు. చవక. జిడ్డు బాగా వదిలిస్తుంది. ఉప్పనీళ్లలోనూ పనిచేస్తుంది. గీసుగొండ, సంగెం మండలాల మధ్య వెయ్యి ఎకరాలకు పైగా విస్తీర్ణంలో 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులోకి యూనిట్లు వస్తున్న ఈ సమయంలో దీని గురించి మాట్లాడుకోవాలి. పార్కులో దీన్ని వాడుతున్నారని మేం అనడం లేదు. వాడితే ఆ సంగతి చుట్టుపక్కల ఊళ్లకు తెలిసే దారి ఏదని అడుగుతున్నాం.

మురుగు శుద్ధి ప్లాంటులో సూక్ష్మజీవులు తినేస్తే ఏ రసాయనమైనా చప్పబడిపోతుందని మామూలుగా అనుకుంటాం. ఎన్‌పీఈ దగ్గర ఈ లెక్క తప్పుతుంది. దానికున్న పొడవాటి తోకను సూక్ష్మజీవులు ముక్కముక్కగా కొరికేసి, తల దగ్గరికొచ్చాక నెమ్మదిస్తాయి. ఆ మిగిలిన తలే నోనైల్‌ఫినాల్. అసలు సరుకు కంటే చేపలకు ఇదే ఎక్కువ విషం. నీళ్లలో సరిగ్గా కరగదు, బురదను పట్టుకుని ఏళ్లకేళ్లు కూర్చుంటుంది. మురుగు ప్లాంట్ల బురదలో ఇది పేరుకుపోతోందని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు 1984లోనే రాశారు. ఆ తర్వాత అమెరికాలోని బోస్టన్‌లో ఓ ప్రయోగశాలకు వింత సమస్య వచ్చింది. ఈస్ట్రోజెన్ ఇస్తేనే పెరగాల్సిన రొమ్ము క్యాన్సర్ కణాలు ఏమీ ఇవ్వకుండానే పెరిగిపోతున్నాయి. వెతగ్గా వెతగ్గా దొంగ ప్లాస్టిక్ గొట్టాల్లో దొరికింది. వాటిలోంచి ఊరిన నోనైల్‌ఫినాల్ ఆడ హార్మోను వేషం కట్టింది. 1991లో ఈ సంగతి అచ్చయ్యాక ప్రపంచం కాస్త ఉలిక్కిపడింది.

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ఏర్ అనే నది ఉంది. ఆ ప్రాంతం ఉన్ని మిల్లులకు పెట్టింది పేరు. 1990లలో ఉన్ని కడిగిన మురుగు కలిసే చోటుకు దిగువన మగ ట్రౌట్ చేపల్ని బోనుల్లో ఉంచి చూశారు. ఆడ చేప గుడ్డులో సొన కోసం తయారు కావాల్సిన ప్రోటీన్ ఆ మగ చేపల నెత్తుట్లో కనిపించింది. అధికారులు పూనుకుని ఎన్‌పీఈ వాడకం తగ్గించాక ఆ ప్రభావమూ తగ్గింది. నది ఫొటో చూస్తే ఈ తేడా తెలియదు. నీళ్లు అప్పుడూ అలాగే ఉన్నాయి, ఇప్పుడూ అలాగే ఉన్నాయి.

మన దగ్గర మిల్లు మురుగును ఎలా కొలుస్తున్నామో చూద్దాం. బట్టల పరిశ్రమకు కేంద్రం 2016లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం లీటరు మురుగులో బీఓడీ 30 మిల్లీగ్రాములు, సీఓడీ 250 మిల్లీగ్రాములు దాటకూడదు. మురుగులోని మలినానికి ఎంత ఆక్సిజన్ ఖర్చవుతుందో చెప్పే కొలతలివి. రంగు, ఉప్పు, క్రోమియం వంటివాటికీ హద్దులున్నాయి. ఫినాలిక్ పదార్థాలకు కూడా ఓ గడి ఉంది, 1 మిల్లీగ్రాము అని. నోనైల్‌ఫినాల్ ఆ గడిలోకి వస్తుంది కదా అనుకుంటే పొరపాటే. ఫినాల్ ఉంటే రంగు వచ్చేలా ల్యాబుల్లో ఎక్కువగా చేసే పరీక్ష దీని జాతి ఫినాళ్లను సరిగ్గా పట్టదు. రంగు రాదు, రిపోర్టులో సున్నా పడుతుంది. పట్టిందనే అనుకున్నా, ఐరోపా నిపుణులు నీటిలోని జీవాలకు హాని చేయదని లెక్కగట్టిన మోతాదు లీటరుకు 0.33 మైక్రోగ్రాములు. మన గడిలో రాసింది అంతకు 3,000 రెట్లు.

ఇందులో కాస్త నవ్వొచ్చే సంగతి ఒకటుంది. ఐరోపాలో మిల్లులకు ఎన్‌పీఈ దాదాపు 20 ఏళ్ల కిందటే బంద్ అయింది. అయినా అక్కడి నీళ్లలోకి వస్తూనే ఉంది. ఎక్కడినుంచా అని చూస్తే, ఆసియా నుంచి వచ్చిన కొత్త చొక్కాల్లోంచి. ఇళ్లల్లో ఉతికినప్పుడల్లా కాస్త కాస్త వదులుతోంది. దాంతో 2021 ఫిబ్రవరి నుంచి బట్టలో 0.01 శాతానికి మించి ఉంటే అమ్మనివ్వడం లేదు. అంటే ఎగుమతి చేసే మిల్లు ఇప్పుడు ఆ చొక్కాను ఒకటికి రెండుసార్లు కడిగైనా శుభ్రం చేసి పంపాలి. ఆ కడిగిన నీళ్లు ఏ ఊరి వాగులో కలవాలి?

ఇక్కడే వరంగల్ లెక్క వేరవుతుంది. ఒక రసాయనం స్వభావం అన్నిచోట్లా ఒకటే, అది పడే నేల వేరు. ఐరోపా అంచనాల్లో మురుగు నదిలో కలిస్తే మామూలుగా 10 రెట్లు పలచనవుతుందని ముందే అనుకుని లెక్క మొదలుపెడతారు. మనకు ఆ నది ఏది? కాకతీయుల నాటి నుంచీ మనవి గొలుసు చెరువులు. ఒక చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండుతుంది. ఏప్రిల్ వచ్చేసరికి నీళ్లు సగానికి సగం ఇంకిపోతాయి, పలచన కావాల్సింది చిక్కనవుతుంది. ఆ మిగిలిన నీళ్లలోనే బొచ్చె, రవ్వ పెరుగుతాయి. రాష్ట్ర చేపగా ఎంచుకున్న కొర్రమట్ట అయితే అడుగు బురదలోనే కాపురం.

ఇంకో ముఖ్యమైన తేడా మట్టిది. లండన్‌లోనో జ్యూరిచ్‌లోనో నది అడుగున చేరిన బురద చాలావరకు అక్కడే ఉండిపోతుంది. మన దగ్గర ఉండదు. మిషన్ కాకతీయ రోజుల్లో చెరువు మట్టిని ట్రాక్టర్ల మీద పత్తి చేలకు, మిర్చి చేలకు తోలుకోవడం అందరూ చూశారు. అది మంచి పనే, ఎరువు ఖర్చు తగ్గుతుందని రైతే ముందుకొచ్చి తోలుకున్నాడు. 2024 చివర్లో భద్రకాళి చెరువును ఖాళీ చేసినప్పుడు అడుగున ఎంత మట్టి ఉందో నగరమంతా ఒడ్డున నిలబడి చూసింది. బురదను పట్టుకునే రసాయనం మన చెరువులో పడితే అది చెరువులోనే ఆగుతుందన్న భరోసా లేదు, ట్రాక్టరెక్కి చేను చేరుతుంది. విదేశీ నివేదికను ఉన్నదున్నట్టు తెలుగులోకి దించుకుంటే అందులో చెరువు మట్టి తోలే ఈ ట్రాక్టరు కనపడదు.

ఇలా అడిగితే ‘పరిశ్రమలు రావద్దా’ అని ఎదురడగడం మనకు అలవాటు. రావాలి. సూరత్, భివండి, షోలాపూర్‌లకు వలసపోయిన మన నేతన్నలు తిరిగి రావాలంటే ఇక్కడ పని ఉండాలి. ఏనుమాముల మార్కెట్‌కు వచ్చిన పత్తి ఇక్కడే నూలై, బట్టై బయటికి పోతే ఈ జిల్లాకే లాభం. పైగా ఎన్‌పీఈకి బదులుగా ఫ్యాటీ ఆల్కహాల్ ఇథాక్సిలేట్లు బజారులో ఉన్నాయి. ధర కాస్త ఎక్కువ, అంతే. పెద్ద ఎగుమతి మిల్లులు కొనుగోలుదారుల ఒత్తిడితో ఎటూ మారక తప్పదు. మాకున్న బెంగ వాటికి జాబ్ వర్క్ చేసే చిన్న డైయింగ్ యూనిట్ల గురించి. ఎవరూ అడగని చోటికే చవక డ్రమ్ము చేరుతుంది.

చట్టం సంగతి క్లుప్తంగా. భోపాల్ తర్వాత 1989లో వచ్చిన ప్రమాదకర రసాయనాల నియమాలు పేలేవి, మండేవి, పీలిస్తే ప్రాణం తీసేవి చూసుకుంటాయి. మెల్లగా, వాసన లేకుండా చేపల మీద పనిచేసేవి ఆ చూపుకు ఆనవు. అన్ని రసాయనాలకూ వర్తించే నియమాల ముసాయిదా 2020లో తయారైంది, ముసాయిదాగానే మిగిలింది.

ఢిల్లీ కోసం ఆగకుండా ఇక్కడే చేయగలిగినవి ఉన్నాయి. ప్రతి రసాయనానికీ ప్రపంచమంతటా చెల్లే ఓ రిజిస్ట్రీ నంబరు ఉంటుంది. ఎన్‌పీఈకి ఉన్న నంబర్లలో ఒకటి 9016-45-9. గేటులోంచి లోపలికెళ్లే ప్రతి డ్రమ్ములో ఏయే నంబర్లున్నాయో యూనిట్లు ప్రకటించాలని కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పత్రంలోనే ఒక షరతు పెట్టవచ్చు. ఆ జాబితా గ్రామ పంచాయతీ గోడ మీద తెలుగులో ఉండాలి. పరీక్ష నీళ్లకే కాదు, శుద్ధి ప్లాంటు బురదకు, చెరువు అడుగు మట్టికి కూడా జరగాలి. చుక్క మురుగు కూడా బయటికి వదలబోమని చెప్పే ప్లాంటుకైనా బురద మిగులుతుంది, అది ఎక్కడికి పోతుందో లెక్క ఉండాలి.

అన్నిటికన్నా ముందు, పార్కు చుట్టూ ఉన్న చెరువుల్లో ఈరోజు ఏముందో తెలియాలి. ఇప్పుడు కొలవకపోతే, పదేళ్ల తర్వాత ఏం కనపడినా ‘ముందునుంచే ఉంది’ అంటారు, కాదనడానికి ఎవరి దగ్గరా కాగితం ఉండదు. ఎండాకాలంలో చెరువు అడుగు బయటపడ్డప్పుడు నాలుగు సీసాల్లో మట్టి తీసి, మంచి ల్యాబుకు పంపడం జిల్లా యంత్రాంగానికి పెద్ద పనేమీ కాదు. తొలకరి పడితే మళ్లీ ఏడాది ఆగాలి.