కొలత జాకెట్టు ఎప్పటిదమ్మా?

అన్నప్రాశన ముహూర్తం తొమ్మిదీ నలభైకి. తొమ్మిదింటికల్లా పరమాన్నం చల్లారింది, పంతులుగారు వచ్చేశారు, పళ్లెంలో పుస్తకం, పెన్ను, బంగారు గొలుసు, చాకు, పువ్వులు సర్దేశారు. పాపాయి బుగ్గన దిష్టిచుక్క కూడా పడింది. తయారవ్వంది పాపాయి తల్లి ఒక్కతే. గది తలుపు వేసుంది. లోపల తోడికోడలు ఒకవైపు, ఆడపడుచు ఇంకోవైపు జాకెట్టు పట్టుకుని లాగుతున్నారు. "ఇంకాస్త ఊపిరి బిగబట్టు వదినా" అంటోంది ఆడపడుచు. కింది మూడు హుక్కులూ పడ్డాయి. పై రెండు మాత్రం కాజాలకు అంగుళం దూరంలో ఆగిపోయి రామంటే రామంటున్నాయి.

"పంతులుగారు గడియారం చూస్తున్నారే! పిన్నీసులు పెట్టేయండి, ఎలాగూ పైట కప్పేస్తుంది" అని అత్తగారు తలుపు సందులోంచి తీర్పు చెప్పేశారు.

నాలుగు పిన్నీసులు పడ్డాయి. ఫొటోల వరకూ అంతా సవ్యంగానే ఉంది. పాపాయిని పళ్లెం ముందు బోర్లా పడుకోబెట్టారు. పుస్తకం పట్టుకుంటుందా, గొలుసు పట్టుకుంటుందా అని బంధువులంతా మెడలు చాచి చూస్తుంటే, అది మెల్లగా జరుగుతూ చాకు మీదికి వెళ్లింది. తల్లి గబుక్కున ముందుకు వంగింది. 'పర్ర్'మని చప్పుడు. పంతులుగారు మంత్రం ఆపి, మళ్లీ అందుకున్నారు.

పిన్నీసులు ఊడలేదు. హుక్కులూ ఊడలేదు. చిరిగింది వీపు వైపు, చంక కుట్టు పక్కన. ఇందులో వింతేమీ లేదు. మనిషి ముందుకు వంగినప్పుడు వీపు వెడల్పవుతుంది, ఆ మేరకు బట్టలో వదులుండాలి. ముందు భాగాన్ని పిన్నీసులతో బిగించేశాక ఆ లాగుడంతా వెనక చంక కుట్టు మీద పడుతుంది. అక్కడ సూది వరసగా పొడిచిన రంధ్రాలుంటాయి, పట్టు చిరిగేది ఆ వరసనే. పిన్నీసు చేసే సాయం ఇంతే: ముందు తెలిసే లోటును వెనక తెలియకుండా దాస్తుంది, అదీ వంగేదాకా.

ఇక బంధువుల విశ్లేషణ. "పథ్యం సరిగ్గా చేసుండదు" అని ఒకరు, "నడుముకు గుడ్డ కట్టుకోలేదేమో" అని ఇంకొకరు. నడుముకు గుడ్డ కడితే చంక కింద జాకెట్టు వదులవుతుందని నమ్మేవాళ్లతో వాదించడం దండగ. గర్భసంచి మామూలు పరిమాణానికి రావడానికే ఆరు వారాలు పడుతుంది. గర్భం పెరిగేటప్పుడు పక్కటెముకలు కాస్త విచ్చుకుంటాయి, అందరికీ అవి పూర్తిగా వెనక్కి రావు. పాలిచ్చే తల్లి ఛాతీ కొలత ఒక్క రోజులోనే పాలివ్వక ముందు ఒకటి, ఇచ్చాక ఒకటి. బిడ్డకు ఆరు నెలలదాకా తల్లిపాలే, ఆ తర్వాత ఇతర ఆహారంతో కలిపి రెండేళ్లు, ఆ పైన కూడా పాలివ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే మారిన కొలత ఏదో పది రోజుల చుట్టం కాదు, దానికి తగ్గ బట్టలు ఉండాల్సిందే. బీరువాలో ఉన్నవేమో పెళ్లినాటి పట్టు జాకెట్లు.

చిరిగిన జాకెట్టూ, దాంతోపాటు కొత్తగా కుట్టించడానికి రెండు ముక్కలూ టైలరు దగ్గరికి చేరాయి. సంభాషణ ఏ ఊళ్లోనైనా ఒకటే.

"కొలత జాకెట్టు ఎప్పటిదమ్మా?"

"మొన్నటిదే మాస్టారూ."

"మొన్నంటే?"

"నిశ్చితార్థానికి కుట్టించింది."

"ఇది కొలత జాకెట్టు కాదమ్మా, జ్ఞాపకం."

తొంభై పాళ్లు నష్టం ఇక్కడే జరుగుతుంది. పాత జాకెట్టు ఇచ్చి "దీనికంటే కొంచెం వదులు పెట్టండి" అంటే, ఆ 'కొంచెం' టైలరు లెక్కలో అరంగుళం, కట్టుకునేవాళ్ల లెక్కలో మూడంగుళాలు. టేపుతో కొలిపించుకోవడం ఒక్కటే దారి. ఆ కొలత కూడా బిడ్డకు పాలివ్వబోయే ముందు ఇవ్వాలి, ఇచ్చాక కాదు. ప్రసవమైన నెలన్నర, రెండు నెలలు దాటకుండా పట్టుకు కత్తెర పెట్టించకూడదు. ఈలోగా ఇరవై ఒకటో రోజు బారసాల వస్తుంది కదా అంటారా, దానికి సాగే బట్టతో వచ్చే రెడీమేడ్ జాకెట్టు ఒకటి, నల్లదో బంగారు రంగుదో కొనుక్కుంటే అయిదారు చీరల మీదికి సరిపోతుంది. తలమీద నుంచి వేసుకునే రకమైతే పాలివ్వడానికి కింద నుంచి పైకి లేపుకోవచ్చు, హుక్కుల గొడవే లేదు.

పాతవాటిని పారేయనక్కర్లేదు. జాకెట్టు తిరగేసి పక్క కుట్టు దగ్గర లోపల ఎంత బట్ట వదిలారో చూడాలి. మంచి టైలరు ఒక్కో వైపు అంగుళం నుంచి అంగుళమున్నర వదులుతాడు. లెక్క ఇక్కడ చాలామంది తప్పుతారు. కుట్టును అరంగుళం బయటికి జరిపితే ముందు ముక్కలో అరంగుళం, వెనక ముక్కలో అరంగుళం, అంటే ఆ ఒక్క వైపే అంగుళం వస్తుంది. రెండు వైపులా కలిపి రెండంగుళాలు. పాపాయి తల్లికి కావలసింది కూడా అంతే, హుక్కులు పడడానికి అంగుళం, వంగడానికి ఇంకో అంగుళం! పిన్నీసుల బదులు ముందురోజు రాత్రి ఒక అరగంట కూర్చుని రెండు కుట్లు విప్పుకుని ఉంటే, చాకు దగ్గరికే కాదు, పందిట్లో ఎక్కడికైనా వంగొచ్చు.

కుట్టు విప్పేముందు కొత్త కుట్టు వేసేయాలి, పాతది తర్వాత విప్పాలి. ముందే విప్పేస్తే లైనింగు ఒక దారి, పైబట్ట ఒక దారి పట్టి, చివరికి ముందూ వెనకా కలవవు. పక్క కుట్టుతోపాటు చేతి కింది కుట్టును కూడా అంతే జరపాలి. నడుము నుంచి చంకదాకా వదిలి, చేతిని అలాగే ఉంచితే చంకలో ముడతలు పడి చెయ్యి ఎత్తడమే కష్టమవుతుంది. ముదురు రంగు పట్టులో పాత సూది రంధ్రాల గీత కనిపిస్తుంది, అది చేతి కిందికే వస్తుంది కాబట్టి పట్టించుకునేది ఆడపడుచు ఒక్కతే.

లోపల బట్ట లేకపోతే, అంచుదాకా కత్తిరించి, పోగులు ఊడకుండా మిషన్ మీద ఓవర్‌లాక్ కొట్టేసి ఉంటే, రెండు పక్కలా పట్టీ వేయించాలి. ఒక్కో వైపు రెండంగుళాలు కావాలంటే పట్టీ మూడంగుళాల వెడల్పు కత్తిరించాలి, అటు అరంగుళం ఇటు అరంగుళం కుట్టులోకి పోతుంది. బట్ట దొరక్కపోతే చీర లోపలి కొంగు చివర, కుచ్చిళ్లకు ముందు దోపుకునే చోట, ఒక జానెడు తీసుకోవచ్చు. ఎవరూ చూడరు. హుక్కులు అంచుకు జరపడం అనే చిట్కా కూడా ఒకటుంది, దాంతో అరంగుళం మించి ఆశించకూడదు. అంతకు మించితే డాట్లు, అంటే ఛాతీ ఆకారం కోసం వేసే మడత కుట్లు, ఉండాల్సిన చోటు నుంచి పక్కకు పోయి, ఛాతీ ఒకచోట, జాకెట్టు ఆకారం ఇంకోచోట ఉంటాయి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం వెనక హుక్కుల జాకెట్టు. బోటు నెక్కు, వీపున వరసగా ఆరు హుక్కులు, పైన ముడి, దానికి వేలాడే రెండు గంటలు. ఫొటోకి దివ్యంగా ఉంటుంది. భోజనాల దగ్గర బిడ్డ ఏడుపు మొదలుపెట్టాక గానీ అసలు సంగతి తెలియదు: ఈ జాకెట్టు విప్పడానికి ఇద్దరు మనుషులు కావాలి, ఆ ఇద్దరూ అప్పుడే పులిహోర పెట్టించుకుని ఉంటారు. దాన్ని ముందు హుక్కులకు మార్పించుకోవచ్చు. వెనక రెండు భాగాల్నీ కలిపి కుట్టేసి, ముందు మధ్యకు కోసి, రెండు వైపులా హుక్కుల పట్టీ, కాజాల పట్టీ వేస్తారు. ముందు మెడకు మగ్గం వర్కు ఉంటే మాత్రం ఆ పని పెట్టుకోకూడదు, ఒక్క దారం తెగితే ముత్యాలన్నీ నేల మీదే.

అమెరికాలో కూతురి ప్రసవానికి వెళ్లే తల్లుల పెట్టెల సంగతి ఇంకో కథ. పచ్చళ్లు, సున్నిపిండి, కారప్పొడి, వాటి మధ్య పాత కొలతకు కుట్టించిన అరడజను జాకెట్లు. అక్కడ ఒక్క కుట్టు విప్పి వేయించాలన్నా కొత్త జాకెట్టంత ఖర్చు. లోపల అంగుళమున్నర వదిలించి, పెట్టెలో సూదీ దారమూ పడేసుకుంటే ఆ పెట్టెకు అర్థముంటుంది.

పండగలూ పేరంటాలూ పోను మిగిలిన రోజులన్నీ నైటీవి. ఎవరైనా గుమ్మం దాకా వస్తే భుజాన తువ్వాలు వేసుకుంటే సభ్యతకు సరిపోతుంది. ఎన్ని కావాలి అంటే, బిడ్డ పాలు కక్కడంతోనూ, ఇతర ఘనకార్యాలతోనూ రోజుకు రెండు మారుతాయి. వానాకాలంలో ఆరడానికి రెండు రోజులు. నాలుగు దండెం మీద, రెండు ఒంటి మీద పనికి. ఆరు. డజను కొని పేర్చుకోనక్కర్లేదు, మూడు కొని, ఉన్న పాతవాటిలో మూడింటికి జిప్పులు వేసుకుంటే చాలు.

జిప్పు వేయడం తేలికే. నైటీకో కుర్తీకో ముందు భాగంలో భుజం నుంచి కిందికి దిగే నిలువు కుట్టు రెండు పక్కలా ఉంటే, భుజానికి అయిదంగుళాల కింద మొదలుపెట్టి ఎనిమిదంగుళాలు విప్పి, నైలాన్ జిప్పు కుట్టాలి. విప్పేముందు ఆ ఎనిమిదంగుళాలకు రెండు చివర్లా మిషన్ మీద ముందుకీ వెనక్కీ నాలుగైదు సార్లు కొట్టి ఉంచకపోతే, కుట్టు అక్కడ ఆగదు, పొట్టదాకా పోతుంది. లోపలి వైపు అంగుళం వెడల్పు మెత్తని బట్ట అడ్డం పెట్టాలి. ఇనప జిప్పు వద్దు. బిడ్డ బుగ్గకు గీసుకుంటుంది, చెమ్మకు తుప్పు పట్టి బట్టకు మచ్చ వేస్తుంది.

కొత్తవి కొనడానికి చాలామంది ఎంచుకునే సమయం అర్ధరాత్రి రెండు. ఒక చేత్తో బిడ్డ, రెండో చేత్తో ఫోను, కళ్లు సగం మూత. పొద్దున లేచేసరికి లేత బూడిద రంగు సాదా కుర్తీలు మూడు ఆర్డరు అయి ఉంటాయి. చుక్క పాలు పడితే ఊరంతటికీ తెలిసేలా కనిపించే రంగు అదే. ముదురు రంగు మీద చిన్న చిన్న పువ్వుల ప్రింటు అయితే ఏది పువ్వో ఏది పాలచుక్కో దేవుడికే తెలియాలి. పైగా ఇంటికొచ్చిన కుర్తీ వేసుకుని చూడాలంటే బిడ్డ పడుకోవాలి, బిడ్డ పడుకుంటే తల్లి కూడా పడుకుంటుంది, ఈలోగా వాపసు గడువు దాటిపోతుంది. మీటరు లెక్కన కాటన్ కొని కుట్టించుకోవడం చౌక. రాజమండ్రి తాడితోట, విజయవాడ వస్త్రలత, హైదరాబాదు సుల్తాన్ బజారు ఉన్నది ఇందుకే. తెచ్చిన బట్టను, ముఖ్యంగా లైనింగును, రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేశాకే టైలరుకివ్వాలి. లేకపోతే మొదటి ఉతుకుకి లైనింగు కుంచించుకుని, పైబట్ట బుడగల్లా ఉబ్బి, తప్పు మళ్లీ బాలింత ఒంటి మీదికే వస్తుంది.

పాలచుక్కలకు పాత నూలుచీరే మందు. అయిదంగుళాల గుండ్రటి ముక్కలు అయిదు పొరలు వేసి అంచు కుడితే లోపల పెట్టుకునే మెత్తలు తయారు. పాలమరకను ముందు చన్నీళ్లలో జాడించాలి, వేడినీళ్లు పోస్తే మరక బట్టను పట్టుకుంటుంది. పసుపు మరక మీద సబ్బు రుద్దగానే ఎర్రగా మారి గుండె ఆగినంత పనవుతుంది. కంగారు పడక్కర్లేదు. బాగా జాడించి ఎండలో వేస్తే మెల్లగా వెలిసిపోతుంది.

ఉద్యోగస్తులకు 26 వారాల ప్రసూతి సెలవు అయ్యాక ఇంకో పరీక్ష. నాలుగు కుర్తీలు, నడుముకు వెడల్పాటి ఎలాస్టిక్ ఉన్న రెండు పలాజోలు, రెండు చున్నీలు చాలు. ఆపరేషన్ అయినవాళ్లు సన్న ఎలాస్టిక్ లెగ్గింగులూ, బిగించి కట్టే లంగా బొందూ పక్కన పెట్టాలి, అవి కుట్ల దగ్గరే నొక్కుతాయి.

ఇంత చదివాక అత్తగారు బీరువా పై అర నుంచి సంచీ దింపుతారు. "ఇన్ని జాకెట్టు ముక్కలుండగా కొనడం దేనికే?" బారసాలలో వచ్చినవి, నోముల్లో వచ్చినవి, గృహప్రవేశాల్లో వచ్చినవి నలభై ఉంటాయి. అంచు నుంచి ఒక్కో దారం లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడాలి. కాగితం కాలిన వాసనతో బూడిదైతే నూలు, ఉంచుకోవచ్చు. కరిగి గట్టి పూసలా అయితే పాలిస్టరు. ఉంచుకున్నవి కూడా కొలవాలి. ఎక్కువ భాగం ఎనభై సెంటీమీటర్లే ఉంటాయి, ఛాతీ నలభై అంగుళాల కొలతకు మోచేతి చేతులు కావాలంటే మీటరు కావాలి. ఈ వడపోత అయ్యేసరికి నలభైలో అయిదు మిగిలితే గొప్ప. మిగతా ముప్పై అయిదూ మడతలు చెడకుండా సంచీలో సర్దేయాలి. వచ్చే నెల పక్కింటివాళ్ల మనవరాలి బారసాల ఉంది, తాంబూలంలోకి పనికొస్తాయి. ఎర్రదాని మీద మాత్రం చీటీ రాసి పెట్టుకోవాలి, అది ఆ ఇంటి నుంచి వచ్చిందే.